రాడ్ సెర్లింగ్

రేడియో, టెలివిజన్ నాటక రచయితలలో రాడ్ సెర్లింగ్ సుప్రసిద్ధుడు. ఆయన 1924 డిసెంబరు 25వ తేదీన అమెరికాలోని సిరక్యూస్ నగరమున జన్మించెను. ద్వితీయ ప్రపంచ సంగ్రామమున సైనికుడై ఫిలిప్పీన్సులో పోరాడి గాయపడెను. యుద్ధానంతరము కళాశాలలో చదువుచునే రేడియో నాటికలు వ్రాయనారంభించెను. పెక్కు రచనలు తిరస్కృతములైనను ఆయన కలము విడువలేదు. 1955లో ప్రసారమైన 'పాటర్న్స్' అను టెలివిజన్ నాటకముతో ఆయన కీర్తి దేశమంతట వ్యాపించెను.

ఆ సంవత్సరమే మిసిసిపీ రాష్ట్రమున ఎమెట్ టిల్ అను పదునాలుగేండ్ల నల్లజాతి బాలుడు దారుణముగా చంపబడెను. చంపినవారిని న్యాయస్థానము నిర్దోషులని విడిచిపుచ్చెను. సెర్లింగ్ హృదయము క్షోభించెను. ఆ అన్యాయమును ఆధారము చేసికొని ఆయన ఒక నాటకము వ్రాసెను. కాని ప్రసారమునకు ద్రవ్యమొసగు వ్యాపారస్థులు వెఱచి, కథాస్థలమును, పాత్రలను మార్పించిరి. 1956లో అది ప్రసారమగునప్పటికి అసలు విషయము గుర్తింపరానిదయ్యెను.

సత్యమును సూటిగా చెప్పనీయనిచో కల్పనచాటున చెప్పవచ్చునని ఆయన గ్రహించెను. 1959లో 'ట్విలైట్ జోన్' అను నాటికల వరుసను ప్రారంభించెను. వింతలోకముల కథలవలె కానవచ్చు ఆ నాటికలలో జాతిద్వేషమును, యుద్ధోన్మాదమును ఖండించెను. 1964 వరకు ప్రసారమైన 156 నాటికలలో 92 ఆయన రచించినవే.

1975 జూన్ 28వ తేదీన, ఏబది సంవత్సరముల వయస్సున, ఆయన దివంగతుడయ్యెను. అడ్డంకులకు లోబడక, సత్యమును పలుకుటకు వేరొక మార్గమును వెదకిన ఆయన జీవితము ఆదర్శప్రాయము.