కెన్నెత్ ఆండర్సన్

సిద్దిపేట నుండి రాజీవ్ రహదారి మీదుగా సికింద్రాబాదుకు వెళ్ళే ప్రయాణికునికి శామీర్‌పేట, హకీంపేట దాటిన తరువాత బొలారం ఎదురవుతుంది. ఇప్పుడది మహానగరంలో కలిసిపోయిన ప్రాంతం. ఒకప్పుడు అది నిజాం రాజ్యంలో ఆంగ్ల సైన్యాలు విడిది చేసిన దండు ప్రదేశం. దక్షిణ భారత అరణ్యగాథలను లోకానికి వినిపించిన కెన్నెత్ ఆండర్సన్ 1910 మార్చి 8వ తేదీన అక్కడే జన్మించాడు. ఆయనది స్కాట్లండు నుండి వచ్చి, ఆరు తరాలుగా భారతదేశంలోనే స్థిరపడిన కుటుంబం. తండ్రి సైనికుల జీతభత్యాల లెక్కలు చూసే కార్యాలయంలో అధికారి. నీటిపక్షుల వేట ఆయనకు ప్రీతిపాత్రమైన వినోదం. తుపాకి పట్టే విద్య కుమారునికి తండ్రి వద్దనే అబ్బింది.

ఆండర్సన్ చదువు బెంగుళూరులో సాగింది. న్యాయశాస్త్రం అభ్యసించడానికి ఎడింబరో పంపితే, ఆ చదువును మధ్యలోనే విడిచి తిరిగి వచ్చాడు. తంతి తపాలా శాఖలో పదిహేనేండ్లు పనిచేసి, ఆ పైన బెంగుళూరులోని విమాన కర్మాగారంలో ఉద్యోగిగా ఉన్నాడు. అంటే ఆయన రాజు కాడు, జమీందారు కాడు. నెల జీతం మీద బ్రతికిన మధ్యతరగతి మనిషి. సెలవు దొరికిన రోజులలోనే ఆయన అడవికి వెళ్ళేవాడు. ఆయన ఆయుధాన్ని గూర్చి తెలుసుకోవాలనుకునేవారు ముందుగా ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

ఆ కాలంలో పెద్దపులి వేటకు ముఖ్యంగా మూడు రకాల రైఫిళ్ళు వాడుకలో ఉండేవి. మొదటిది జంట గొట్టాల రైఫిలు. రెండు ట్రిగ్గర్లు, రెండు తూటాలు. ఒకటి గురి తప్పినా రెప్పపాటులో రెండవది పేలుతుంది. లండను, బర్మింగ్‌హాం పనివాండ్రు చేతితో మలిచే ఆ ఆయుధం వెల సంస్థానాధీశులకే అందుబాటులో ఉండేది. రెండవది బోల్టు రైఫిలు. తలుపు గడియ వంటి ఇనుప పిడిని పైకి తిప్పి, వెనుకకు లాగితే కాలిన తూటా బయటపడుతుంది; ముందుకు తోసి, కిందికి తిప్పితే కొత్త తూటా గొట్టంలో కుదురుకుంటుంది. గడియ గట్టిగా బిగుసుకుంటుంది కనుక గురి చక్కగా నిలుస్తుంది, యంత్రం త్వరగా చెడదు. కుమావూఁ పులుల వేటగాడైన జిమ్ కార్బెట్‌కు 1907లో బహూకృతమైన రిగ్బీ రైఫిలు ఈ జాతికి చెందినదే. కాని ఆ గడియను తిప్పడానికి కుడిచేయి ట్రిగ్గరును వదలవలసి వస్తుంది. మీదికి దూకుతున్న మృగం ముందు ఆ క్షణం చాలా దీర్ఘమైనది.

ఆండర్సన్ చేతిలో జీవితాంతం నిలిచిన ఆయుధం మూడవ రకానిది. అది అమెరికాలో తయారైన వించెస్టర్ 1895 నమూనా, .405 తూటా రైఫిలు. దీనిలో ట్రిగ్గరు కింద ఒక లోహపు మీట ఉంటుంది. తుపాకిని భుజం మీది నుండి దించకుండానే ఆ మీటను కిందికి నొక్కి పైకి లాగితే తరువాతి తూటా సిద్ధమవుతుంది. అంతకు పూర్వపు మీట తుపాకులలో తూటాలు గొట్టం కింద ఒకదాని వెనుక ఒకటిగా ఉండేవి. మొనతేలిన తూటా ముందున్న దాని అడుగును పొడిచి లోపలే పేలే ప్రమాదం ఉండేది. జాన్ బ్రౌనింగ్ అనే నిపుణుడు తూటాలను ట్రిగ్గరు ముందు ఒక చిన్న పెట్టెలో పేర్చే ఏర్పాటు చేయడంతో, మీట తుపాకికి కూడా బలమైన తూటా వాడే వీలు కలిగింది. 1904లో వెలువడిన .405 తూటా బరువు 300 గ్రెయిన్లు, అంటే సుమారు 19 గ్రాములు. అమెరికా అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ పదవీ విరమణ చేసి 1909లో ఆఫ్రికాకు వేటకు వెళ్ళినప్పుడు సింహాల కోసం ఈ రైఫిలునే తీసుకొని వెళ్ళాడు.

దీనికి దోషాలు లేకపోలేదు. దూరపు గురికి ఇది అంతగా పనికిరాదు. పేలినప్పుడు తుపాకి మడమ భుజాన్ని గట్టిగా తన్నుతుంది. మడమ కొయ్య పొడవు వేటగాని చేతికి సరిపోవాలి. పొడవెక్కువైతే ఎత్తే తొందరలో చొక్కాకు తగులుకుంటుంది, తక్కువైతే బొటనవేలు ముక్కుకు తగులుతుంది. అయితే ఆండర్సన్ పులిని ఎదుర్కొన్నది మైదానంలో కాదు. పొదలలో, వాగు మలుపులలో, చీకటిలో. అక్కడ దూరం పది పదిహేను గజాలకు మించదు. అటువంటి చోట కావలసినవి బరువైన తూటా, త్వరిత గతి. ధర, దూరం, వేగం అనే మూడింటినీ తూచి చూస్తే ఆ ఎంపిక సమంజసంగానే కనిపిస్తుంది.

ఇది కేవలం వేటగాని ప్రాణానికి సంబంధించిన విషయం కాదు. చాలని తూటాతో గాయపడి తప్పించుకున్న పులి జింకలను తరమలేక, చివరకు మనుషులను మరుగుతుంది. ఒకరి తొందరపాటుకు ఏ పశువుల కాపరో, కట్టెలకు వెళ్ళిన స్త్రీయో మూల్యం చెల్లించవలసి వస్తుంది. నరభక్షక మృగాలలో అనేకం ఈ విధంగా తయారైనవే.

గుమ్మలాపురం చిరుత నలభై ఇద్దరిని పొట్టన పెట్టుకున్నది. సూర్యాస్తమయమైతే ఊరంతా తలుపులు బిగించుకునేది. ఆండర్సన్ ఆ ఊరిలో రాత్రుళ్ళు కాపు వేశాడు. ఒక రాత్రి ఊరకుక్క ఒకటి ఆయన చెంత చేరింది. చీకటిలో మనిషి చెవికి ఏమీ వినిపించనప్పుడు అది గుర్రుమని హెచ్చరించింది. ఆ హెచ్చరికే ఆయనను కాపాడింది. చిరుత హతమైన తరువాత ఆయన ఆ కుక్కను ఇంటికి తీసుకొనిపోయి నిప్పర్ అని పేరు పెట్టి పెంచుకున్నాడు. ఎంత మంచి తుపాకి ఉన్నా ఆ రాత్రి పని జరిపించింది ఒక అనాథ జంతువు చెవి! జవళగిరిలో జతగాణ్ణి కోల్పోయి పదిహేను మందిని చంపిన ఆడపులిని, మగపులి పిలుపును తన గొంతుతో అనుకరించి దగ్గరకు రప్పించాడు. పిలుపు నమ్మి వచ్చిన ఆ ప్రాణిని కాల్చవలసి రావడంలోని విషాదం ఆయన రచనలో దాగదు.

తెలుగు నేలతో ఆయన బంధం పుట్టుకతోనే ముగియలేదు. చిత్తూరు జిల్లా చామల లోయ పులిని గూర్చి, నంద్యాల గిద్దలూరు రైలుమార్గం మీది చలమ పరిసరాలలో నల్లమలను వణికించిన పులిని గూర్చి ఆయన కథలు వ్రాశాడు. 1954లో వెలువడిన తొలి గ్రంథంలో తొమ్మిది నరభక్షకాల కథలు, ఒక మదపుటేనుగు కథ ఉన్నాయి. 1939 నుండి 1966 వరకు ఆయన ఎనిమిది నరభక్షక చిరుతలను, ఏడు నరభక్షక పులులను కూల్చినట్లు ప్రభుత్వ లెక్కలు చెబుతాయి.

వయసు పెరిగేకొద్దీ ఆండర్సన్ తుపాకి స్థానంలో కెమెరాను చేపట్టాడు. తాను బాల్యంలో చూసిన అడవులు ఆనకట్టల కింద, సాగు భూముల కింద కనుమరుగవుతున్న తీరు ఆయనను కలచివేసింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మరుసటి ఏడు పులుల రక్షణ పథకం మొదలైంది. ఆ రెంటినీ చూసి, 1974 ఆగస్టు 30న ఆయన బెంగుళూరులో కన్నుమూశాడు. ఆయన సంచరించిన నల్లమల 1983లో పులుల అభయారణ్యమైంది. గతించిన అరణ్యాలను స్మరిస్తూ వ్రాసిన ఆయన చివరి పుస్తకం మరణానంతరం, 1976లో అచ్చయింది.