‘గాంధీ’ చిత్రంలో కనబడని కాగితాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు జాతీయ నాయకుల్లో ఎవరి గురించైనా వ్రాయవలసిందని కార్యదర్శిగారు కోరారు. గాంధీజీ జీవితం మన తరానికి కొత్తగా చెప్పనక్కరలేదు. మన మనుమలు, మనుమరాండ్ర సంగతి వేరు. వారికి గాంధీజీ అంటే రిచర్డ్ అటెన్‌బరో తీసిన సినిమాయే. అందులో ఉన్నదంతా జరిగినట్లు, లేనిది జరగనట్లు వారు అనుకుంటారు. కాబట్టి ఆ సినిమాను పక్కన పెట్టుకునే ఆయన కథ చెబుతాను. ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తా పని చేసినవాణ్ణి గనుక నా చూపు ముందుగా కాగితాల మీదికి పోతే పాఠకులు మన్నించాలి.

ఈ చిత్రానికి మొదటి ప్రేరణ మనవంటి ఉద్యోగి ఒకరు. లండన్‌లోని భారత హైకమిషన్ కార్యాలయంలో పనిచేసే మోతీలాల్ కొఠారీ 1962లో అటెన్‌బరోను కలుసుకుని, గాంధీజీ మీద సినిమా తీయమని పట్టుబట్టారు. లూయీ ఫిషర్ వ్రాసిన జీవిత చరిత్రను చదవమని చేతికిచ్చారు. అటెన్‌బరో నెహ్రూగారిని కలిసి మాట్లాడారు. తరువాత నెహ్రూ పోయారు, 1970లో కొఠారీ కూడా పోయారు. డబ్బు కుదరక చిత్రం ఇరవై ఏళ్లు నలిగింది. చివరకు మన జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ కూడా పెట్టుబడి పెట్టగా 1982 నవంబరులో విడుదలయింది. అంతిమయాత్ర దృశ్యాన్ని 1981 జనవరి 31న ఢిల్లీ రాజపథంలో తీశారు. దానికి మూడు లక్షల పైచిలుకు జనం వచ్చారు. మరుసటి సంవత్సరం ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి. దుస్తుల రూపకల్పనకు భాను అథయ్యాకు వచ్చినది భారతీయులకు దక్కిన మొదటి ఆస్కారు. చిత్రాన్ని నెహ్రూ, మౌంట్‌బాటెన్‌లతో పాటు కొఠారీ పేరున కూడా అంకితమిచ్చారు. నాకు ఆ చిత్రంలో నచ్చినవాటిలో ఇదొకటి.

కథ 1893లో దక్షిణాఫ్రికాలో, పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషనులో మొదటి తరగతి పెట్టె నుంచి ఇరవై మూడేళ్ల బారిస్టరును దింపివేయడంతో మొదలవుతుంది. ఆయన అక్కడికి వెళ్లినది దాదా అబ్దుల్లా అనే వర్తకుని వ్యాజ్యం పని మీద. నలభై వేల పౌన్ల దావా, మొత్తం లెక్కల మీద నడిచేది. ఈయనకు జమాఖర్చులు తెలియవు, ప్రామిసరీ నోటు అంటే ఏమిటో కూడా తెలియదు. ఒక పుస్తకం కొని లెక్కల పద్ధతి నేర్చుకుని, ఇరుపక్షాల చిట్టాలూ చదివి, వ్యాజ్యం మధ్యవర్తుల వద్ద పరిష్కారమయ్యేటట్లు చేశారు. తీర్పు తన కక్షిదారుకే వచ్చింది. ఓడినవాడు దివాలా తీయకుండా వాయిదాల మీద కట్టేందుకు కూడా తానే ఒప్పించారు. రైలు ఘటన ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఈ లెక్కల పుస్తకం సంగతి ఎవరూ చెప్పరు. తరువాతి యాభై ఏళ్లలో ఆయన నడిపిన పద్ధతి అంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

1894లో నేటాల్‌లోని భారతీయులకు ఓటు హక్కు తీసివేసే బిల్లు వచ్చింది. ఆయన అర్జీ తయారుచేశారు. రెండు వారాల్లో పది వేల సంతకాలు సేకరించారు. అర్జీలో ఏమున్నదో పూర్తిగా బోధపడనివారి చేత ఒక్క సంతకం కూడా చేయించకూడదని నియమం పెట్టారు. సంతకాల సేకరణ ఎలా జరుగుతుందో మన సంఘాల్లో తిరిగినవారికి తెలుసు కనుక ఈ నియమం విలువ వేరే చెప్పనక్కరలేదు. ఆ ఏడే స్థాపించిన నేటాల్ ఇండియన్ కాంగ్రెసుకు ఆయనే కార్యదర్శి. వచ్చిన ప్రతి మొత్తానికీ రశీదు ఇచ్చారు, ప్రతి పైసకూ లెక్క వ్రాశారు. లెక్క సరిగా లేని సంస్థ నిలవదని ఆయన గట్టి నమ్మకం.

చిత్రంలో ఆయన అనుమతి పత్రాలను నిప్పుల్లో వేస్తుంటే పోలీసు లాఠీతో కొడతాడు. గుండె పట్టుకునే దృశ్యమే. చిత్రంలో ఇది రైలు ఘటన వెంటనే వస్తుంది. నిజానికి జరిగినది పదిహేనేళ్ల తరువాత, 1908 ఆగస్టు 16న, జోహాన్నెస్‌బర్గ్‌లోని హమీదియా మసీదు వద్ద. అంతకు ముందు జనరల్ స్మట్స్‌తో ఒప్పందం ఉన్నది. భారతీయులు తమంతట తాము రిజిస్ట్రీ చేయించుకుంటే నల్లచట్టం రద్దవుతుందని అనుకున్నారు. వీరు చేయించుకున్నారు, చట్టం రద్దు కాలేదు. అప్పుడు ప్రభుత్వానికి గడువు పెట్టి నోటీసు పంపారు. సభ కూడిన తరువాత కూడా జవాబు కోసం ఎదురుచూశారు. ఒక వాలంటీరు సైకిలు మీద తంతి తెచ్చాడు. అది తిరస్కారమని చదివి వినిపించిన పిమ్మటనే రెండు వేలకు పైగా పత్రాలను కాల్చారు. ఆ రోజున లాఠీ దెబ్బలు పడలేదు. సినిమాకు దెబ్బ కావలసి వచ్చింది. నాకైతే ఆ సైకిలు, ఆ తంతి చూపించి ఉంటే బాగుండేదనిపించింది.

మధ్యలో 1901లో కలకత్తా కాంగ్రెసు జరిగింది. పేరుపొందిన బారిస్టరై ఉండి కూడా గాంధీజీ కార్యాలయానికి వెళ్లి పని అడిగారు. కార్యదర్శి జానకీనాథ్ ఘోషాల్ వద్ద గుమాస్తా పని తప్ప మరేమీ లేదు. గాంధీజీ కూర్చుని ఉత్తరాల కట్టలు విప్పి జవాబులు వ్రాశారు. ఆ పెద్దమనిషి చొక్కా బొత్తాలు కూడా పెట్టేవారట. ఆయన ఎవరో ఘోషాల్‌గారికి తరువాత తెలిసి నొచ్చుకున్నారు. ఈ సన్నివేశం చిత్రంలో లేదు. నేను దర్శకుణ్ణయితే పది నిమిషాలు పెట్టేవాణ్ణి.

1915లో స్వదేశానికి వచ్చారు. 1917లో చంపారన్. తెల్లదొరలు రైతు చేత ఇరవై కఠాల పొలంలో మూడు కఠాలు తప్పనిసరిగా నీలి వేయించేవారు. జిల్లా విడిచి పొమ్మన్న ఉత్తర్వును ధిక్కరించి ఆయన మోతిహారి కోర్టులో నిలబడటం చిత్రంలో చక్కగా ఉన్నది. అసలు పని తరువాత జరిగింది. రాజేంద్ర ప్రసాద్ మొదలైన వకీళ్లు ఊరూరి రైతుల వాంగ్మూలాలు, అడ్డు ప్రశ్నలు వేసి నిగ్గుతేల్చి, వేల సంఖ్యలో వ్రాసుకున్నారు. వ్రాసేచోట సి.ఐ.డి. ఉద్యోగి కూర్చునేవాడు. గాంధీజీ అభ్యంతరం చెప్పలేదు. అతడు ఎదురుగా ఉంటే రైతులకు భయం పోతుంది, గోరంతలు కొండంతలు చేసి చెప్పడం కూడా తగ్గుతుంది. 1918లో చట్టం వచ్చి ఆ పద్ధతి పోయింది. జలియన్‌వాలా బాగ్ తరువాత కాంగ్రెసు విచారణ నివేదికను తయారుచేసినది కూడా గాంధీజీయే. ఏ మాత్రం సందేహమున్న సాక్ష్యాన్నయినా అందులో చేర్చనివ్వలేదు.

1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనం పోలీసులను చంపగా ఆయన ఉద్యమాన్ని ఆపివేశారు. చిత్రంలో నెహ్రూ తదితరులు బాధపడటం చూపించారు. మన గుంటూరు జిల్లాలో ఏమయిందో మనమే చెప్పుకోవాలి. పెదనందిపాడు ప్రాంతంలో పర్వతనేని వీరయ్య చౌదరిగారి నాయకత్వాన పన్నుల నిరాకరణ సాగుతున్నది. గ్రామ మునసబులు, కరణాలు రాజీనామాలు ఇచ్చారు. వంశపారంపర్యంగా వచ్చే ఉద్యోగం, తిరిగి వస్తుందో రాదో తెలియదు. పింఛను మీద బ్రతికే మనకు ఆ కాగితం మీద సంతకం పెట్టడం ఎంత కష్టమో తెలుసు. ఫిబ్రవరిలోనే అక్కడ కూడా ఉద్యమం నిలిచింది. గాంధీజీ నిర్ణయం సరైనదేనని నేను నమ్ముతాను. అయినా దాని ధర చెల్లించినవారిలో ఆ కరణాలు కూడా ఉన్నారు.

ఇక ఉప్పు సత్యాగ్రహం. 1930 మార్చి 2న వైస్రాయి ఇర్విన్‌కు గాంధీజీ సుదీర్ఘమైన ఉత్తరం వ్రాసి, రెజినాల్డ్ రేనాల్డ్స్ అనే ఆంగ్ల యువకుని చేత పంపించారు. చట్టం ఎందుకు ధిక్కరిస్తున్నదీ, ఎప్పుడు ధిక్కరించేదీ ముందే తెలియజేశారు. అందులో ఒక జీతాల లెక్క ఉన్నది. వేతన సవరణ సంఘాలకు మెమోరాండాలు వ్రాసిన మన నాయకులు తప్పక చదవాలి. వైస్రాయి జీతం నెలకు 21,000 రూపాయలు, అంటే రోజుకు 700 పైన. సగటు భారతీయుని రాబడి రోజుకు రెండణాలకు లోపు. అంటే అయిదు వేల రెట్లకు మించి. బ్రిటిష్ ప్రధానికి ఆ దేశపు సగటు మనిషికన్న తొంభై రెట్లే. మణుగుకు రూపాయి పావలా ఉప్పు పన్ను ఆ రెండణాల మనిషి మీద పడుతున్నది. వైస్రాయి కార్యదర్శి నుంచి నాలుగు ముక్కల జవాబు వచ్చింది. మార్చి 12న 78 మందితో బయలుదేరి, 240 మైళ్లు నడిచి, ఏప్రిల్ 6న దండిలో ఉప్పు తీశారు. ఆ నడిచినవారిలో ఆంధ్రుడు ఎర్నేని సుబ్రహ్మణ్యంగారు.

ధరాసనలో వాలంటీర్లు వరుసగా వెళ్లి దెబ్బలు తినడం చిత్రంలో అన్నింటికన్న గొప్ప ఘట్టం. అక్కడ ముందు నిలిచినది మౌలానా ఆజాద్ అని చూపించారు. 1930 మే 21న వారిని నడిపినది సరోజినీ నాయుడు. ఆమెతో ఇమాం సాహెబ్, గాంధీజీ కుమారుడు మణిలాల్ ఉన్నారు. మన హైదరాబాదు ఆడపడుచుకు దక్కవలసిన దృశ్యం ఆమెకు దక్కలేదు.

అంతకన్న పెద్ద లోటు డాక్టర్ అంబేద్కర్ చిత్రంలో ఎక్కడా లేకపోవడం. 1932లో యరవాడ జైలులో గాంధీజీ నిరాహారదీక్ష, దళితులకు ప్రత్యేక నియోజకవర్గాల మీద వివాదం, 71 స్థానాలకు బదులు 148 రిజర్వుడు స్థానాలతో కుదిరిన పూనా ఒప్పందం, ఇవేవీ లేవు. ఆ దీక్ష వల్ల తమకు అన్యాయం జరిగిందని నేటికీ వాదించేవారున్నారు. వారి వాదాన్ని విననివ్వకుండా గాంధీజీని చూపించడం ఆయనకు కూడా మేలు చేయదు. మూడు గంటల పైన సినిమాలో దానికి చోటు లేదనడం నాకు సమ్మతం కాదు.

చివరి ఘట్టం కూడా పూర్తిగా చెప్పలేదు. విభజనలో పాకిస్తాన్ వాటాగా నిర్ణయించిన నగదు నిల్వ 75 కోట్లు. అందులో 20 ముట్టాయి, కాశ్మీరు యుద్ధం కారణంగా 55 కోట్లు మన ప్రభుత్వం ఆపింది. 1948 జనవరి 13న గాంధీజీ ఢిల్లీలో మతకలహాలు ఆగాలని ఉపవాసం పూనారు. ఒప్పుకున్న బాకీ చెల్లించాలన్నది కూడా ఆయన మాట. 15న ప్రభుత్వం చెల్లింపునకు నిర్ణయించింది. ఆయనను చంపినవారికి ఇది కూడా ఒక సాకయింది. ఆ 55 కోట్ల ప్రస్తావన లేకపోవడం వల్ల సినిమా చూసిన పిల్లవాడికి హంతకుడు ఎందుకు వచ్చాడో బోధపడదు.

జనవరి 29 రాత్రి ఆయన చాలా అలసి ఉన్నారు. అయినా కాంగ్రెసు సంస్థను లోక సేవక సంఘంగా మార్చాలనే ముసాయిదా పూర్తిచేసి పడుకున్నారు. 30వ తేదీన దానిని సరిచూసి ప్యారేలాల్‌కు ఇచ్చారు. సాయంత్రం సర్దార్ పటేల్‌తో మాటల్లో పడి ప్రార్థనకు కొద్ది నిమిషాలు ఆలస్యమయింది. ముసాయిదా ఫిబ్రవరి 15న ‘హరిజన్’ పత్రికలో అచ్చయింది.