థామస్ బ్రూస్ (ఎల్గిన్ ప్రభువు)

థామస్ బ్రూస్ (జూలై 20, 1766 - నవంబర్ 14, 1841) స్కాట్లాండుకు చెందిన దౌత్యవేత్త, ఏడవ ఎల్గిన్ ప్రభువు. ఏథెన్సులోని పార్థినాన్ ఆలయపు పాలరాతి శిల్పాలను తొలగింపజేసి ఇంగ్లాండుకు తరలించిన వ్యక్తిగా ఈయన ప్రసిద్ధుడు. ఆ శిల్పాలకు ఎల్గిన్ మార్బుల్స్ అనే పేరు ఈయన వలననే వచ్చింది. 1862-63లో భారతదేశ వైస్రాయిగా పనిచేసి ధర్మశాలలో మరణించిన జేమ్స్ బ్రూస్ ఈయన కుమారుడు.

తొలి జీవితం

థామస్ బ్రూస్ స్కాట్లాండులోని ఫైఫ్ ప్రాంతంలో జన్మించాడు. 1771లో, ఐదేళ్ళ వయసులోనే, వంశపారంపర్యమైన ప్రభు పదవి ఇతనికి సంక్రమించింది. సైన్యంలోను, దౌత్య శాఖలోను పనిచేశాడు. 1799లో సంపన్న కుటుంబానికి చెందిన మేరీ నిస్బెట్‌ను వివాహం చేసుకున్నాడు. అదే సంవత్సరం ఒట్టోమన్ సామ్రాజ్యానికి బ్రిటిష్ రాయబారిగా కాన్‌స్టాంటినోపుల్ వెళ్ళాడు. అప్పట్లో గ్రీసు దేశం ఒట్టోమన్ల ఏలుబడిలో ఉండేది.

శిల్పాల తరలింపు

క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఎథీనా దేవతకు నిర్మించిన పార్థినాన్, బైజాంటైన్ యుగంలో క్రైస్తవ చర్చిగాను, తరువాత మసీదుగాను మారింది. 1687లో వెనిస్ సేనల ముట్టడిలో, లోపల నిల్వచేసిన తుపాకిమందు పేలి చాలావరకు శిథిలమైంది.

శిల్పాల చిత్రాలు గీయించడం, అచ్చులు తీయించడం ఎల్గిన్ తొలి ఉద్దేశం. ఆ ఖర్చు భరించడానికి బ్రిటిష్ ప్రభుత్వం నిరాకరించగా, తన సొంత ధనంతో ఇటలీ చిత్రకారుడు లుసియేరీని నియమించాడు. 1801లో ఒట్టోమన్ అధికారుల నుండి ఒక అనుమతి పత్రం లభించింది. దాని ఇటాలియన్ అనువాదం మాత్రమే నేడు లభిస్తున్నది. అందులో కొలతలు, అచ్చులు తీసుకోవడంతో పాటు కొన్ని రాతి ముక్కలను తీసుకుపోవచ్చునని ఉంది. గోడలపై ఉన్న శిల్పాలను ఊడదీయడానికి ఇది వర్తిస్తుందా అన్నదే నేటికీ తెగని వివాదం.

లుసియేరీ మనుషులు శిల్పాలను దింపేటప్పుడు కట్టడంలోని కొన్ని భాగాలు పగిలిపోయాయి. బరువు తగ్గించడానికి కొన్ని పలకలను వెనుకవైపు రంపాలతో కోశారు. 1802లో శిల్పాలతో బయలుదేరిన మెంటర్ అనే ఓడ కైథెరా ద్వీపం వద్ద మునిగింది. గజ ఈతగాళ్ళు రెండేళ్ళు శ్రమించి వాటిని వెలికితీశారు.

కష్టాలు, అమ్మకం

1803లో స్వదేశానికి తిరిగివెళుతున్న ఎల్గిన్‌ను ఫ్రాన్సులో నిర్బంధించారు. 1806లో విడుదలయ్యాడు. 1808లో భార్యతో విడాకులు జరిగాయి. శిల్పాల సేకరణకై చేసిన అప్పులు పెరిగిపోయాయి. ఆంగ్ల కవి బైరన్ తన కావ్యాలలో ఇతనిని దోపిడీదారుగా తీవ్రంగా నిందించాడు.

చివరకు శిల్పాలను ప్రభుత్వానికి అమ్మజూపాడు. తనకు సుమారు 74,000 పౌండ్లు ఖర్చయిందని లెక్క చూపాడు. పార్లమెంటు సంఘం విచారణ జరిపి, సేకరణ సక్రమమేనని తేల్చింది. 1816లో 82-30 ఓట్లతో కొనుగోలుకు ఆమోదం లభించింది. చెల్లించిన మొత్తం 35,000 పౌండ్లు మాత్రమే. అప్పులు తీరక ఎల్గిన్ తరువాతి కాలంలో ఫ్రాన్సులో నివసించి, పారిస్‌లో మరణించాడు.

అనంతర కాలం

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఈ సేకరణలో సుమారు 75 మీటర్ల శిల్పపట్టిక, 15 చతురస్ర శిల్పఫలకాలు, ఆలయపు త్రికోణాకార ముఖభాగాలకు చెందిన 17 విగ్రహాలు ఉన్నాయి. పరాయి పాలకులు ఇచ్చిన అనుమతి చెల్లదని గ్రీసు వాదన. చట్టబద్ధంగా పొందామని మ్యూజియం వాదన. 1983లో గ్రీసు వీటిని తిరిగి ఇమ్మని అధికారికంగా కోరింది. అయితే 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం సేకరణలోని వస్తువులను ఇతరులకు ఇచ్చివేయడాన్ని చాలావరకు నిషేధిస్తున్నది.

2009లో ఏథెన్సులో కొత్త అక్రోపోలిస్ మ్యూజియం ప్రారంభమైంది. అందులో మిగిలిన అసలు శిల్పాల పక్కనే, లండన్‌లో ఉన్నవాటి స్థానంలో అచ్చులు అమర్చారు. 2023లో వాటికన్ తన వద్దనున్న మూడు పార్థినాన్ శకలాలను గ్రీసుకు అప్పగించింది.