ఎరిక్ లిడ్డెల్

ఎరిక్ లిడ్డెల్ 1902వ సంవత్సరము జనవరి 16వ తేదీన చైనా దేశమందలి తియెన్‌త్సిన్ నగరమున జన్మించెను. అతని తల్లిదండ్రులు స్కాట్లండు దేశీయులు. క్రైస్తవ మతప్రచారమునకై అచ్చట నివసించుచుండిరి. ఎరిక్కును, అతని అన్నయు ఇంగ్లండులోని ఒక వసతి పాఠశాలలో, తల్లిదండ్రులను ఏండ్ల తరబడి చూడకయే పెరిగిరి.

తరువాత అతడు ఎడింబరో విశ్వవిద్యాలయమున విజ్ఞానశాస్త్రము చదువుచు పరుగుపందెములలో పేరు గడించెను. అతని పరుగు చూచుటకు అందమైనది కాదు. తల వెనుకకు వాల్చి, నోరు తెరచి, చేతులు గాలిలో ఆడించుచు పరుగెత్తెడివాడు. అయినను 1923లో 100 గజములను 9.7 సెకండ్లలో దాటెను. ఆ బ్రిటిష్ రికార్డు 35 సంవత్సరములు నిలిచెను. ఆ యేడే స్టోక్ పట్టణమున 440 గజముల పందెములో ఆరంభముననే మరియొకని తాకిడికి క్రిందపడెను. లేచునప్పటికి తక్కినవారు సుమారు ఇరువది గజములు ముందుండిరి. అతడు వారినందరిని దాటి గెలిచెను.

1924లో పారిస్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినవి. 100 మీటర్ల పందెమున బ్రిటిషువారు ఎరిక్ పైన గొప్ప ఆశలు పెట్టుకొనియుండిరి. కాని ఆ పందెపు తొలి పరుగులు ఆదివారమున ఏర్పాటైనవి. ఆదివారము దైవమునకే చెందినదని అతని నియమము. అందుచే ఆ పందెమునుండి తప్పుకొనెను. చివరి క్షణమున మానుకొనెనని కథగా చెప్పుదురు గాని, అది నిజము కాదు; కొన్ని నెలలకు ముందే తెలిసి, 400 మీటర్ల పందెమునకు సాధన చేసెను.

అమలాపురము, రాజోలు, కొత్తపేట పాఠశాలల క్రీడోత్సవములలో ఈ పందెమును చూచినవారికి తెలియును: ఆదినుండియు పూర్ణవేగమున పరుగెత్తినవాడు చివరి వంద మీటర్లలో సోలిపోవును. జూలై 11న ఎరిక్ అట్లే ఆరంభించెను. అందరికంటె వెలుపలి వరుస అతనిది. పోటీదారు లెవ్వరును కంటికి కనబడరు. అయినను వేగము తగ్గలేదు. 47.6 సెకండ్లలో గమ్యము చేరి, ఒలింపిక్ రికార్డుతో స్వర్ణపతకమును గెలుచుకొనెను. 200 మీటర్లలో కాంస్యము లభించెను.

మరుసటి సంవత్సరమే అతడు చైనాకు పోయి, తియెన్‌త్సిన్ కళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను. తరువాత కరవు, యుద్ధములచే పీడితమైన పల్లెలలో సేవచేసెను. 1941లో గర్భవతియైన భార్యను, ఇద్దరు కుమార్తెలను కెనడాకు పంపి తానక్కడనే నిలిచెను. 1943లో జపానువారు అతనిని వైషియెన్ నిర్బంధ శిబిరమున ఉంచిరి.

అచ్చట తల్లిదండ్రులకు దూరమైన పిల్లలు అనేకులుండిరి. ఎరిక్ వారికి పాఠములు చెప్పెను, ఆటలు నేర్పెను. ఆదివారము మాత్రము ఆటలను నడుపననెను. ఒక ఆదివారము పిల్లలు తామే హాకీ ఆడబోయి, కొట్లాటలో ముగించిరి. మరుసటి ఆదివారము ఎరిక్ స్వయముగా మైదానమునకు వచ్చి మధ్యవర్తిగా నిలిచెను. స్వర్ణపతకము కొరకు సడలని నియమము పిల్లల కొరకు సడలెను.

1945 చలికాలమున, చెప్పులు లేని ఒక బాలునికి, తాను బాగుచేసిన తన పరుగు బూట్లను ఇచ్చెను. తరువాత సుమారు మూడు వారములకు, ఫిబ్రవరి 21న, మెదడులో కంతితో మరణించెను. అప్పటికి వయస్సు 43 సంవత్సరములు. మూడవ కుమార్తెను అతడు చూడనేలేదు. ఆ వార్త కెనడాలోని భార్యకు మే నెలలో గాని అందలేదు.