శ్రీ జిడ్డు కృష్ణమూర్తిగారు: నడక, చదువు, విశ్రాంతి

మహనీయుల జీవితములను వారి ఉపన్యాసములను బట్టియు, వారు నెలకొల్పిన సంస్థలను బట్టియు తెలిసికొనుట పరిపాటి. కాని పని ముగిసిన పిమ్మట ఒక మనుజుడు ప్రొద్దెట్లు పుచ్చెనో చూచినచో అతని స్వభావము మఱింత తేటపడును. చిరకాలము చిత్తూరు జిల్లాలో చేరియుండిన మదనపల్లెలో పుట్టి, పలు దేశములవారిచే తత్త్వవేత్తగా ఎన్నబడిన శ్రీ జిడ్డు కృష్ణమూర్తిగారి జీవితము ఇందుకు తార్కాణము.

కృష్ణమూర్తిగారు 1895వ సంవత్సరము మే నెలలో జన్మించిరి. తండ్రి నారాయణయ్యగారు రెవిన్యూ శాఖలో ఉద్యోగి, తల్లి సంజీవమ్మగారు. ఎనిమిదవ సంతానమగుటచే తల్లిదండ్రులు శ్రీకృష్ణుని పేరు పెట్టిరి. బాల్యమున మలేరియా జ్వరము ఆయనను చాలకాలము పీడించెను. బడికి పోయినను పాఠము తలకెక్కెడిది కాదు. ఉపాధ్యాయులు మందబుద్ధి యని తలచిరి, దెబ్బలును తప్పలేదు. ఆ బాలుడే ఒకనాడు తండ్రి గడియారమును విప్పి, లోపలి యంత్రమును పరిశీలించి, మరల బిగించువఱకు భోజనమునకైనను లేవలేదు. చెట్లను, పురుగులను, మేఘములను చూచుచు గంటలకొలది కూర్చుండెడివాడు. చూచుటయందు అంతటి ఓర్పు గల బుద్ధిని మందమని యెంచుట పెద్దల పొరపాటేకాని బాలుని లోపము కాదు. 1905లో తల్లి కాలధర్మము నొందెను.

1909లో నారాయణయ్యగారు కుమారులతో అడయారులోని దివ్యజ్ఞాన సమాజమునకు చేరిరి. అచ్చటి సముద్రతీరమున బాలుని చూచిన లెడ్‌బీటరుగారు, ఇతడు జగద్గురువు కాదగినవాడని నిశ్చయించిరి. అనీబిసెంటమ్మగారు ఆయన పెంపకమును చేపట్టిరి. 1911లో ఆయనను అధిపతిగా నిలిపి నక్షత్ర సంఘమును స్థాపించిరి. కుమారులను తిరిగి పొందుటకై తండ్రి న్యాయస్థానము నాశ్రయించెను. మద్రాసులో గెలిచినను, 1914లో ప్రీవీ కౌన్సిలునందు ఓడిపోయెను.

ఆడుకొనదగిన వయస్సున సాష్టాంగ నమస్కారములు అందుకొనుట, కన్నతండ్రికి దూరమగుట, ఇంగ్లాండులో మరల మరల పరీక్ష తప్పుట: ఇన్ని బరువుల నడుమ ఆ యువకునకు నవ్వు తెప్పించినవి వుడ్‌హౌస్ వంటివారి హాస్యరచనలు. 1925లో ప్రాణసమానుడైన తమ్ముడు నిత్యానందుడు మరణించెను. 1929 ఆగస్టు 3వ తేదీన హాలెండులోని ఓమెన్ శిబిరమున, వేలకొలది అనుచరుల యెదుట, తనకై నిర్మింపబడిన ఆ సంఘమును కృష్ణమూర్తిగారు తామే రద్దు గావించిరి. గురుత్వమును, దానితో వచ్చిన ఆస్తులను వదలుకొనిరి.

ఆ పిమ్మట ఆరు పదుల యేండ్లకు చేరువగా దేశదేశములు తిరిగి ప్రసంగించిరి. అయినను ఎచ్చట నున్నను సాయంకాలపు నడక మానెడివారు కారు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున కాలిఫోర్నియాలోని ఓహాయి లోయలో కూరగాయలు పండించుచు, పాలు పితుకుచు, కొండలలో చిరకాలము నడచుచు గడపిరి. సుప్రసిద్ధ రచయిత ఆల్డస్ హక్స్‌లీ అక్కడి స్నేహితుడు. ఆయన ప్రోత్సాహమున కృష్ణమూర్తిగారు వ్రాసిన జీవిత వ్యాఖ్యానములు 1956 మొదలు మూడు సంపుటములుగా వెలువడెను. వానిలో తత్త్వచర్చకు పక్కనే చెట్టును, ఏరును, పక్షిని వర్ణించిన భాగములు కలవు. కట్టెల మోపులతో ఇంటికి మఱలు పల్లె స్త్రీలును కలరు. నడకలో ఆయన కన్ను అందమును మాత్రమే యేరుకొనలేదు. పేదరికమును చూచి పక్కకు తిరుగలేదు.

మదనపల్లెకు సుమారు 10 మైళ్ళ దూరమున, ఋషికొండ నీడలో, పెద్ద మఱ్ఱిచెట్టు గల ఒక లోయను ఆయన 1920 తరువాతి దశాబ్దములోనే విద్యాలయమునకై యెంచుకొనిరి. అదియే ఋషివ్యాలీ. వానలు తక్కువైన సీమ. గుండ్రాళ్ళ గుట్టలు, చింతలు, సీతాఫలపు పొదలు. శీతకాలమున వచ్చినపుడెల్ల ఆ బాటలలో వేగముగా నడచెడివారు. వెంట వచ్చినవారితో తఱచు మాటలాడక మౌనముగా నుండెడివారు.

ఇట్టి మనీషి విశ్రాంతికై చదివినవేమి? ఉపనిషద్భాష్యములు కావు. అపరాధ పరిశోధక నవలలు! మతగ్రంథములను తాము చదువలేదని చెప్పెడి ఆయన, డిటెక్టివు కథలను ఇష్టముతో చదివిరి. కౌబాయి చలనచిత్రములను చూచి ఆనందించిరి. వినోదమును అడ్డుపెట్టుకొని జీవితమునుండి పారిపోవుటను ప్రసంగములలో గట్టిగా ఖండించిన వ్యక్తికి ఇది తగునా యని కొందఱికి తోచవచ్చును. పారిపోవుట వేఱు, విశ్రమించుట వేఱు. పారిపోయినవాడు తిరిగిరాడు, విశ్రమించినవాడు తెల్లవాఱగనే తన పనికి మఱలును. పగలెల్ల తమ కడకు వచ్చినవారి దుఃఖములను ఆలకించిన కృష్ణమూర్తిగారు రాత్రి నవల మూసి, మఱునాడు మరల ఆ దుఃఖముల నాలకించుటకు కూర్చుండిరి. తొంబదియేండ్ల వయస్సువఱకు ఆ పని విడువలేదు.

1985 చివర ఋషివ్యాలీకి కడపటిసారి వచ్చునప్పటికి శరీరము క్షీణించెను. 1986 జనవరిలో మద్రాసును విడుచునాటి సాయంకాలము, బాల్యమున తన జీవితమును మలుపు త్రిప్పిన ఆ అడయారు తీరముననే మరల నడచిరి. ఫిబ్రవరి 17వ తేదీన ఓహాయిలో దేహము చాలించిరి.

గ్రంథాలయమున నవల యడిగిన యువకుని చూచి పెదవి విఱుచు పెద్దలును, పొలముగట్టున ఊరక కూర్చుండి మబ్బులను చూచు పిల్లవానిని సోమరి యని కసరు తల్లిదండ్రులును ప్రతి గ్రామమున కలరు. అట్టి వేళ మదనపల్లె బాలుని ఒక్కపరి తలచుకొనుట మేలు. గ్రంథాలయపు బీరువాలో వేదాంతమునకును, వినోదమునకును కూడ చోటుండవలెను. చీకటి పడుదాక గట్లవెంట నడచి వచ్చినవాడు ఏ పుస్తకము తీసినను అది అతనికి మేలే చేయును.