ఆచార్య జగదీశ చంద్ర బోసు

కంటికి కనబడు వెలుగు, ప్రకృతిలోని ఒక గొప్ప తరంగ కుటుంబమున చిన్న భాగము మాత్రమే. రేడియోకు పాటను తెచ్చు తరంగము, పొయ్యి చెంత దేహమునకు సోకు ఉష్ణకిరణము, ఎముకను చూపు ఎక్స్ కిరణము, పరమాణు గర్భమున వెలువడు గామా కిరణము - ఇవన్నియు ఆ కుటుంబములోనివే. శూన్యమున అన్నిటి వేగము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. భేదమెల్ల పొడవునందే కలదు. రేడియో తరంగము వందల మీటర్లుండవచ్చును. వెలుగు తరంగము మిల్లీమీటరులో సుమారు 2000వ వంతు. ఈ బంధుత్వమును ప్రయోగముల మూలమున నిరూపించిన మహనీయులలో ఆచార్య జగదీశ చంద్ర బోసుగారు ఒకరు.

వారు 1858 నవంబరు 30న, నేడు బంగ్లాదేశ్‌లో చేరియున్న తూర్పు వంగసీమలో జన్మించిరి. తండ్రి భగవాన్ చంద్ర బోసుగారు ప్రభుత్వోద్యోగి అయ్యును, కుమారుని మొదట మాతృభాషా పాఠశాలకే పంపిరి. అచ్చట జాలరుల బిడ్డలు ఆయనకు సహాధ్యాయులు.

కేంబ్రిడ్జిలో చదువు ముగించి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యులైరి. నాడు అదే కొలువునందు భారతీయునకు ఆంగ్లేయునికంటె తక్కువ జీతము. ఇంట అప్పులున్నను, బోసుగారు ఆ జీతమును ముట్టక, పాఠములు మానక, మూడేండ్లు గడపిరి. తుదకు అధికారులు గడచిన కాలమునకు సైతము పూర్తి జీతము చెల్లించిరి. ఆ ధనము తండ్రి ఋణము తీర్చుటకు వినియోగపడెను.

అదృశ్య విద్యుదయస్కాంత తరంగములు కలవని మాక్స్‌వెల్ గణితమున ఊహింపగా, 1888 నాటికి జర్మనీలో హెర్ట్జ్ వానిని పుట్టించి చూపెను. కాని అవి మిక్కిలి పొడవైనవి; వానిని పరీక్షించుటకు పెద్ద పరికరములు కావలసియుండెను. 1894లో పరిశోధన ఆరంభించిన బోసుగారు, ఒక చిన్న గదిలో, రేకుపనివాని సాయమున, తరంగమును 5 మిల్లీమీటర్ల వరకు కుదించిరి. అంతట బల్లమీదనే అది వెలుగువలె ప్రతిఫలించుట, వంగుట కనబడెను. ఆయన పరికరములలో ఒకటి రైళ్ల వేళల పుస్తకము! పుటల నడుమ తగరపు రేకులుంచి అడ్డుపెట్టగా, పుటల వెంబడి కంపించు తరంగము ఆగిపోయెను. పుటలకు అడ్డముగా కంపించునది దాటిపోయెను. కలకత్తా టౌన్‌హాలులో గోడలకావలినుండి తరంగమును పంపి గంట మ్రోగించి, తుపాకిమందు ప్రేల్చి చూపిరి.

పరిశోధనా ఫలమును సొమ్ము చేసికొనుట వారికి రుచింపలేదు. మిత్రుల ప్రోద్బలమున కోరిన అమెరికా పేటెంటు 1904లో లభించినను, దానివలన లాభము నాశింపలేదు. 1917లో కలకత్తాలో బోసు పరిశోధనాలయమును స్థాపించి, 1937 నవంబరు 23న గిరిడీలో పరమపదించిరి.

దూరదేశములకు వార్తలంపుటకు నాటి లోకము పొడవైన తరంగములనే చేపట్టెను. బోసుగారి పొట్టి తరంగములు చాలకాలము మరుగున పడినవి. నేడు రాడారులు, ఆకాశమును పరిశీలించు దూరదర్శినులు, క్రొత్త టెలిఫోను సాధనములు ఆ మిల్లీమీటరు తరంగములనే వాడుచున్నవి.

పాఠక సోదరులారా! మన గ్రంథాలయమున పుస్తకమును చేతబట్టినపుడు, ఒక పుస్తకమునే పరికరముగా చేసికొని కంటికందని లోకమును కొలిచిన ఆ మహాశయుని స్మరింతుము గాక.