వెలుగుకు లెక్క కట్టిన ఉపాధ్యాయుడు – పియేర్ బూగేర్

ఉదయభానుని కన్నెత్తి చూడగలము. మధ్యాహ్న సూర్యుని చూడజాలము. సూర్యుడొక్కడే అయినా, ఆయన కిరణాలు దాటి రావలసిన గాలి మందం ఉదయం ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. ఆ గాలి ఎంత వెలుగును హరిస్తుందో గణితరీత్యా నిరూపించిన తొలి శాస్త్రజ్ఞుడు పియేర్ బూగేర్.

ఆయన 1698లో ఫ్రాన్సు పశ్చిమ తీరాన గల ల క్రొయిజిక్ అనే చిన్న రేవు పట్టణంలో జన్మించారు. తండ్రి నౌకాయాన శాస్త్రం బోధించే ఆచార్యులు. తొలి గురువూ ఆయనే. తండ్రి గతించేనాటికి బూగేర్‌కు పదిహేను, పదహారేళ్ల ప్రాయం. ఆ పదవిని తనకిమ్మని అర్థించగా అధికారులు సందేహించారు. పరీక్షలో నెగ్గి ఆ బాలుడే ఆచార్యపీఠం అధిష్ఠించాడు.

సూర్యుడు ఎత్తున ఉన్నప్పుడూ, దిగువన ఉన్నప్పుడూ భూమికి చేరే వెలుగుల నిష్పత్తి ఎంత అన్న సమస్య 1721లో మైరాన్ అనే పండితుని రచన ద్వారా ముందుకు వచ్చింది. వెలుగును కొలిచే సాధనం ఆనాడు లేదు. వెలుగు ఎంత ఉన్నదో కన్ను చెప్పలేదు గాని, రెండు వెలుగులు సమానమో కాదో చెప్పగలదు. బూగేర్ ఈ సూక్ష్మాన్నే ఆధారం చేసుకున్నారు. 1725 నవంబరులో పున్నమి వెన్నెలను నాలుగు కొవ్వొత్తుల వెలుగుతో సరిపోల్చారు. చంద్రుడు 66 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు కొవ్వొత్తులను 41 అడుగుల దూరాన, 19 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు 50 అడుగుల దూరాన ఉంచితే రెండు వెలుగులూ సరితూగాయి. దీపపు వెలుగు దూరం యొక్క వర్గానికి విలోమంగా తగ్గుతుంది. ఆ లెక్కన దిగువ చంద్రుని వెన్నెల, ఎగువ చంద్రుని వెన్నెలలో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే.

1729లో వెలువడిన గ్రంథంలో ఆయన దీని సూత్రాన్ని వివరించారు. సమానమైన పొరలు సమాన పరిమాణంలో వెలుగును హరించవు. తమను చేరిన వెలుగులో సమాన భాగాన్ని హరిస్తాయి. నూరు పాళ్లలో మొదటి పొర పదోవంతు తీసుకుంటే మిగిలేది 90. రెండవ పొర తరువాత 81. మూడవ పొర తరువాత 72.9. వెలుగు ఈ విధంగా గుణశ్రేఢిలో క్షీణిస్తుంది.

1735లో భూమి ఆకృతిని నిర్ణయించే బృందంతో పెరూ వెళ్లి, 1744లో తిరిగివచ్చారు. చివరి సంవత్సరాలలో మరల వెలుగు పరిశోధనకే అంకితమయ్యారు. 1758 ఆగస్టు 15న పారిస్‌లో కన్నుమూశారు. విస్తరించిన ఆయన గ్రంథం 1760లో మిత్రుని చేతుల మీదుగా అచ్చయింది. అదే ఏట జర్మను భాషీయుడైన లాంబర్ట్ ఈ నియమాన్ని తన గ్రంథంలో చక్కగా క్రమబద్ధం చేశారు. 1852లో బీర్ దానిని ద్రావణాలకు విస్తరింపజేశారు. నేటి పాఠ్యపుస్తకాలలో ఇది ఎక్కువగా బీర్–లాంబర్ట్ నియమంగానే కనిపిస్తుంది. మొదట బాట వేసిన బూగేర్ పేరు తరచు కానరాదు.

అయినా, వాయువులు పీల్చుకొనే వెలుగును బట్టి వాటి పరిమాణాన్ని లెక్కించే ప్రతి ప్రయోగశాలలోనూ ఆయన సూత్రమే పనిచేస్తున్నది. ఖరీదైన పరికరాలు లేవని నిరాశపడే విద్యార్థులు ఆయన ప్రయోగశాలను ఒక్కసారి తలచుకోవాలి. అందులో ఉన్నవి పున్నమి చంద్రుడు, నాలుగు కొవ్వొత్తులు, నిశితమైన చూపు.